కోల్పోవడం, విడిచిపెట్టడం: ‘నడిపించు నా నావ’ కీర్తనలోని సముద్ర చిత్రణపై ఒక విమర్శనాత్మక పరిశీలన

ప్రవేశిక

చీపురుపల్లిలో సముద్రం కనబడదు. విజయనగరం జిల్లాలో హౌరా–చెన్నై రైలుమార్గం మీద ఉన్న ఈ ఊరినుండి తీరం చేరాలంటే దక్షిణంగా పూసపాటిరేగ దాటి వెళ్లాలి. చుట్టుపక్కల గ్రామాలవారికి తెలిసినవి వరిమడి, మెట్టచేను, ఊరి చెరువు, గర్భాం వైపు మాంగనీసు గనులు. పని దొరకని కాలంలో కూలికి తీసుకుపోయే రైలు కూడా వారికి బాగా తెలుసు. అయినా ఈ ప్రాంతపు సంఘాలలో ‘నడిపించు నా నావ’ అని ఎవరైనా ఎత్తుకుంటే చాలు, పెద్దలు, పిల్లలు పుస్తకం చూడకుండా చివరి చరణం వరకు పాడతారు. జన్మలో పడవ ఎక్కనివారు నడిసముద్రాన్ని గూర్చి కన్నీళ్లతో పాడుతున్నారంటే, ఆ సముద్రం వారికి ఏమై ఉన్నదో ఆలోచించవలసిన బాధ్యత సంఘ కాపరులమైన మన మీద ఉన్నది.

ఈ కీర్తన రచయిత రెవ. డాక్టర్ ఎ.బి. మాసిలామణి (1914–1990). కోస్తా జిల్లాలలో కెనడియన్ బాప్టిస్టు మిషను పరిచర్యవలన ఏర్పడిన సంఘాలకు చెందిన కాపరి, ప్రసంగీకుడు, కీర్తనకారుడు. పాటకు ఆధారం లూకా సువార్త 5వ అధ్యాయంలోని మొదటి 11 వచనాలు. ఒక పల్లవి, ఆరు చరణాలు. నేడు ఇది బాప్టిస్టు సంఘాల ఎల్లలు దాటి, తెలుగు మాట్లాడే క్రైస్తవులందరి ఆస్తి అయినది.

మేము గమనించినంతవరకు ఈ పాటను నాలుగు సందర్భాలలో ఎక్కువగా పాడుతున్నారు: ఆదివారపు ఆరాధనలో సమర్పణ వేళ, కాపరి బదిలీ అయి వెళ్లేటప్పుడు, సంవత్సరాంతపు కూడికలో, మరణించినవారి జ్ఞాపకార్థ కూడికలో. అంటే అలసినవారు, పోగొట్టుకున్నవారు, విడిచి వెళ్లేవారు అందరూ ఒకే పాటను ఆశ్రయిస్తున్నారు. ఈ ముగ్గురి స్థితి ఒక్కటి కాదు. కోల్పోవడం వేరు, విడిచిపెట్టడం వేరు. కోల్పోయినది మన చేతినుండి తీసివేయబడినది, విడిచిపెట్టినది మనమే చెయ్యి తెరిచి ఇచ్చినది. ఈ కీర్తన మొదటి స్థితినుండి రెండవ స్థితికి విశ్వాసిని నడిపించే ప్రయత్నం అని మేము భావిస్తున్నాము. ఆ ప్రయత్నంలో అది ఎంతవరకు సఫలమైనది, ఎక్కడ మనం జాగ్రత్త పడవలసి ఉన్నది అనే రెండు ప్రశ్నలను ఈ వ్యాసంలో పరిశీలిస్తున్నాము.

1. తీరమే భారమైన పాట

సంసారాన్ని సాగరంతో పోల్చడం తెలుగు భక్తి సాహిత్యంలో అనాదిగా ఉన్నది. అందులో సముద్రం అపాయకరం, జీవుడు ఈదలేనివాడు, దేవుడు దాటించేవాడు, ఆవలి తీరమే గమ్యం. ‘తరించు’ అనే మాటకు మూలార్థమే దాటడం. పర్లాకిమిడి సీమనుండి వచ్చిన పురుషోత్తమ చౌదరి (1803–1890) కాలం మొదలుకొని మన కీర్తనకారులు ఈ భక్తి భాషలోనే సువార్తను పాడారు. వినేవారికి తెలిసిన మాటలతోనే తెలియని ప్రభువును పరిచయం చేశారు. మాసిలామణిగారు కూడా ఆ వారసత్వాన్ని వదులుకోలేదు. పల్లవిలో నావ, నడిసంద్రం, తరించడం మూడూ ఉన్నాయి. అంతవరకే వింటే ఇది కూడా ఆవలి గట్టు చేర్చమని వేడుకొనే పాట అనిపిస్తుంది.

అయితే మొదటి చరణంలోనే దారి మళ్లుతుంది. ఇక్కడ తీరం విశ్రాంతి స్థలం కాదు. అపజయపు బరువుతో హృదయం నలిగిపోయిన చోటు అదే. పాడేవాడు అక్కడినుండి లోతునకు తీసుకువెళ్లమని అడుగుతున్నాడు. గట్టు చేర్చమని అడిగే పాటలు మనకు అనేకం. గట్టు విడిపించమని అడిగే పాటలు అరుదు.

ఈ మార్పు లూకా సువార్తనుండి వచ్చినదే. యేసు వచ్చేసరికి జాలరులు దోనెలు దిగి వలలు కడుగుతున్నారు (5:2). ఖాళీగా వచ్చినా వల కడగక తప్పదు. మన తీరంలో వేటకు పోయి ఉత్త చేతులతో వచ్చినవారికి ఇది తెలుసు: చేప పడకపోయినా చమురు ఖర్చు ఖర్చే, చిరిగిన వలకు మరమ్మతు మరమ్మతే. కడుపుకు ఏమీ ఇవ్వని పనికి కూడా చాకిరీ చేయవలసి రావడమే అలసటలోని అసలు బాధ. కూలి డబ్బులు చేతికి రాక తిరిగివచ్చిన వలస కుటుంబానికి, పదేళ్లు పరిచర్య చేసినా నలభైమంది దాటని సంఘపు కాపరికి ఈ తీరం పరిచయమే. రెండవ చరణంలో కవి ఒక్క క్షణం సముద్రాన్ని మరిచి రహదారులను గూర్చి మాట్లాడతాడు. దారులు వెదికినా ఫలితం రాలేదని ఆ చరణపు భావం. అలంకార శాస్త్ర దృష్టితో చూస్తే ఇది రూపకభంగం. కాని చీపురుపల్లి స్టేషనులో రైలెక్కి విశాఖపట్నానికో హైదరాబాదుకో పనికి వెళ్లినవారికి, పడవకంటే ఆ దారే దగ్గరి మాట. పాట మెట్టప్రాంతపు సంఘానికి తలుపు తీసినది ఇక్కడే అని మేము అనుకుంటున్నాము.

2. ఒక క్రియాపదం, ఇద్దరు కర్తలు

పాటలోని రెండు ముఖ్యమైన మాటలు ‘నడిపించు’, ‘లోతు’. ఈ రెండూ మన తెలుగు బైబిలులో లూకా 5:4లో ఉన్నవే. అయితే అక్కడ ఆ ఆజ్ఞ ఇస్తున్నది యేసు, దోనెను నడిపించవలసినవాడు సీమోను. కీర్తనలో వేడుకొనేది మనిషి, నడిపించవలసినవాడు ప్రభువు. ఆజ్ఞ ప్రార్థనగా మారింది. క్రియ అదే, కర్త మారాడు.

ఇది వాక్యాన్ని తప్పుగా చదవడమా? వ్యాఖ్యానశాస్త్రం నేర్చుకొనే విద్యార్థి ఈ ప్రశ్న అడగాలి. అక్షరార్థంగా చూస్తే మార్పు ఉన్నమాట నిజం. కాని రాత్రంతా శ్రమపడినవానికి మళ్లీ తెడ్డు అందుకొమ్మని చెప్పడం ఎంత భారమో కవి గ్రహించాడు. లూకా 5:5లో సీమోను తన ప్రయాసను చెప్పడానికి వాడిన గ్రీకు క్రియ ‘కొపియావో’. సొమ్మసిల్లేటంతగా శ్రమించడం దాని అర్థం. మత్తయి 11:28లో ప్రభువు తన యొద్దకు పిలిచినవారు కూడా ఈ క్రియతో చెప్పబడినవారే. యోహాను 4:6లో ప్రయాణంవలన అలసి యాకోబు బావి దగ్గర కూర్చున్న యేసుకు కూడా అదే క్రియ వాడబడినది. అలసినవానికి ఆజ్ఞ ఇచ్చినవాడు అలసట ఎరిగినవాడు. కాబట్టి ఆయన ఆజ్ఞను ఆయనకే ప్రార్థనగా తిరిగి అప్పగించడం అవిధేయత కాదు. నీవు చెప్పినది చేసే బలం కూడా నీవే ఇయ్యి అని ఒప్పుకోవడం అది.

అదే చరణంలో కవి యేసును తన నావలో కాలు పెట్టమని అడగడం కూడా గమనించదగినది. లూకా కథలో యేసు మొదట దోనె ఎక్కినది చేపలకోసం కాదు, జనసమూహానికి బోధించడంకోసం (5:3). ఖాళీ దోనె ఆయనకు ప్రసంగపీఠమైనది. ఏమీ దొరకని రాత్రి తరువాత, దోనె నిండకముందే, అది ప్రభువు పనికి వచ్చింది. మన ప్రసంగాలలో తరచుగా జారిపోయే విషయం ఇది. నిండిన తరువాతే ఉపయోగపడతామని అలసినవారు అనుకుంటారు. ఈ వాక్యభాగం అలా చెప్పడం లేదు.

3. అలలు లేని సముద్రం

గెన్నేసరెతు నిజానికి మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు సుమారు 13 కిలోమీటర్లు. మత్తయి, మార్కు దానిని సముద్రమని పిలిచినా లూకా మాత్రం సరస్సు అనే వ్రాశాడు. మాసిలామణిగారు లూకా కథనే తీసుకొని దానిని నడిసంద్రంగా పెంచారు. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న తెలుగువారికి ‘సంద్రం’ అన్నప్పుడు కలిగే భావం ‘సరస్సు’ అన్నప్పుడు కలగదు. ఇది సహజమైన అనువర్తనమే.

కాని ఒక విచిత్రం ఉన్నది. ఈ సముద్రంలో గాలి లేదు, అల లేదు, తుపాను లేదు. ఆరు చరణాలలో ఒక్కచోట కూడా నీరు పొంగదు. అల్లాడేది వలలు మాత్రమే, అదీ మూడవ చరణంలో లోపలి లేమిని చూచి. అలజడి అంతా మనిషి లోపల ఉన్నది, సముద్రం నిశ్చలంగా ఉన్నది. ఐదవ చరణంలో పాదాలన్నీ ‘లో’ అనే అక్షరంతో మొదలవుతాయి. లోతు, లోపల, లోబడడం, లోపం ఒకే ధ్వనిలో కలిసిపోతాయి. సముద్రపు లోతు క్రమంగా మనిషి లోతుగా మారిపోతుంది. ఆ లోతులో వినబడే ప్రభువు స్వరాన్నే కవి పేరుపెట్టినట్టు పిలుస్తాడు. అక్షరసామ్యం మన కీర్తనలలో సామాన్యమే అయినా ఇక్కడ అది అర్థాన్ని మోస్తున్నది.

ఈ నిశ్చలత పాటకు బలం, దానికి పరిమితి కూడా. లోపలి అలసటకు ఇంత చక్కని భాష మన కీర్తనలలో తక్కువ. కాని సముద్రమే దోచుకున్నవారికి ఈ పాట సరిపోదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లాలో తీరం దాటి ఉద్దానపు కొబ్బరితోటలను, జీడితోటలను నేలకూల్చింది. అదే సంవత్సరం నవంబరులో, గుజరాతు పడవలపై పనికి వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను పాకిస్తాను అధికారులు పట్టుకున్నారు. వారిలో 20 మంది విడుదలై స్వదేశం చేరేసరికి 2020 జనవరి వచ్చింది. ఆ పద్నాలుగు నెలలు ఇంటివద్ద ఎదురుచూచిన భార్యకు సముద్రం నిశ్చలమైన లోతు కాదు. ఆమెకు కావలసినది 69వ కీర్తన. నీళ్లు ప్రాణం మీదికి వచ్చినవాడు, మొరపెట్టి గొంతు ఎండినవాడు, ఎదురుచూచి కళ్లు క్షీణించినవాడు అక్కడ మాట్లాడుతున్నాడు. తుపానులో నిద్రపోతున్న యేసును లేపి, మా సంగతి నీకు పట్టదా అని శిష్యులు అడిగిన ప్రశ్న కూడా (మార్కు 4:38) ఆమెకు కావాలి. ప్రభువు ఆ ప్రశ్న అడిగినవారిని పడవనుండి దింపలేదు.

ప్రతి పాటా ప్రతి దుఃఖానికీ సరిపోవాలని మేము కోరడం లేదు. ఏ దుఃఖానికి ఏ పాట అని ఆలోచించే పని కాపరిది అని మాత్రమే చెప్పుచున్నాము.

4. అలసట అపరాధమా?

ఇప్పుడు మా ముఖ్యమైన అభ్యంతరానికి వస్తున్నాము. మొదటి రెండు చరణాలలో కవి అపజయాన్ని ఉన్నదున్నట్టు చెప్పాడు. రాత్రి శ్రమపడినా జయం రాలేదు. కారణం చెప్పలేదు. మూడు, నాలుగు చరణాలలో కారణం చెప్పబడుతుంది. తన్ను తాను అర్పించుకొనకుండా ప్రభువు స్నేహాన్ని ఆశించానని, ప్రార్థన మానానని, వాక్యాన్ని వదిలానని, లోకపు నటనలో నేర్పరినై ఫలహీనుడనయ్యానని పాడేవాడు ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుకోలు తరువాతనే నీ మాట పాటిస్తాననే తీర్మానం వస్తుంది.

లూకాలో క్రమం ఇలా లేదు. సీమోను చెప్పినది రెండే సంగతులు: రాత్రంతా ప్రయాసపడ్డాము, ఏమీ దొరకలేదు. అయినా నీ మాటను బట్టి వల వేస్తాను. మధ్యలో పాపపు ఒప్పుకోలు లేదు. వలలు ఖాళీగా రావడానికి సీమోను పాపం కారణమని యేసూ అనలేదు, లూకా కూడా సూచించలేదు. తాను పాపాత్ముడనని సీమోను మోకాళ్లూనినది వలలు నిండిన తరువాత (5:8). దానికి కారణం భయంతో కూడిన విస్మయమని తరువాతి వచనం చెప్పుచున్నది. లేమి అతనిని ఒప్పుకోలుకు తేలేదు, ప్రభువు సన్నిధి తెచ్చింది.

ఈ క్రమభేదం చిన్న విషయం కాదు. చీపురుపల్లి ప్రాంతంలో వాన రాక చేను ఎండినవాడు, బిడ్డను పోగొట్టుకున్న తల్లి, వ్యాధితో మంచం పట్టిన పరిచారకురాలు ఇప్పటికే తమ్మును తాము ప్రశ్నించుకుంటూ ఉంటారు. నేనేం తప్పు చేశానో అనే మాట మన గ్రామాలలో ప్రతి చావింట్లోను వినబడుతుంది. పూర్వజన్మ కర్మ అనే భాషలో పెరిగిన సమాజంలో ఈ ప్రశ్న మరీ లోతుగా నాటుకొని ఉన్నది. అటువంటి ఇంట జ్ఞాపకార్థ కూడికలో నాలుగవ చరణం పాడిస్తే, నీవు ప్రార్థన మానావు కాబట్టి ఇలా జరిగింది అని సంఘమంతా ఏకకంఠంతో చెప్పినట్టవుతుంది. యోబు స్నేహితులు చేసిన పని అదే. పుట్టుగ్రుడ్డివాని విషయంలో శిష్యులు అడిగిన ప్రశ్నా అదే. ప్రభువు దానిని త్రోసివేశాడు (యోహాను 9:3).

కవి పక్షాన ఒక సమాధానం ఉన్నది, దానిని మేము గౌరవిస్తున్నాము. పాట అంతా ఉత్తమ పురుషలో ఉన్నది. ఎదుటివాని తప్పును ఎక్కడా ఎత్తి చూపలేదు. ఇది పరిచారకుని ఆత్మపరీక్ష. వేదికలెక్కి ప్రసంగించేవాడు, నటన ఎంత సులభమో తెలిసినవాడు, తన్ను తాను ముందుగా న్యాయస్థానంలో నిలబెట్టుకున్నాడు. కాబట్టి నాలుగవ చరణం కాపరులమైన మనకు చాలా అవసరం. ఆ చరణాన్ని మన నోటినుండి తీసి ఎదుటివాని నెత్తిన పెట్టినప్పుడే తప్పు జరుగుతుంది. ఆ తప్పు కీర్తనది కాదు, దానిని వాడే విధానానిది.

5. వల దించడం, అన్నీ విడవడం

లూకా 5వ అధ్యాయంలో చేతులు వదులుకొనే పని రెండు సార్లు జరుగుతుంది. మొదటిది వలలు వేయడం. ఇక్కడ గ్రీకు క్రియ ‘ఖలావో’: సడలించి కిందికి దించడం. పక్షవాయువు గలవాని పరుపును కప్పులోనుండి దించిన స్నేహితుల పనికి (మార్కు 2:4), దమస్కు గోడమీదనుండి పౌలును గంపలో దించిన శిష్యుల పనికి (అపొ. 9:25) ఇదే క్రియ. పట్టు సడలించినా తాడు చేతిలోనే ఉంటుంది. రెండవది ఒడ్డుకు వచ్చిన తరువాత సమస్తాన్ని విడిచిపెట్టడం (5:11). అక్కడి క్రియ ‘ఆఫియేమి’. తాడు కూడా చేతిలో ఉంచుకొనని విడుదల అది. ఈ క్రియనే క్షమించడానికి కూడా లూకా వాడతాడు (11:4). తెలుగులో కూడా తప్పును విడిచిపెట్టు అంటాము గదా.

ఈ రెండవ విడుదల ఎప్పుడు జరిగిందో గమనించాలి. ఏమీ దొరకని ఉదయాన కాదు. రెండు దోనెలు మునుగునంతగా నిండిన తరువాత. ఖాళీ వలను వదిలి వెళ్లడం సులభం, దానిని విసుగు అంటారు. నిండిన వలను వదిలి వెళ్లడమే సమర్పణ. సీమోను వేటలో ఓడిపోయి శిష్యుడు కాలేదు. ఈనాటి ఉజ్జీవ సభలలో ఈ వాక్యభాగాన్ని ఆర్థికాభివృద్ధి వాగ్దానంగా బోధించేవారు 7వ వచనం దగ్గరే ఆగిపోతున్నారు. 11వ వచనానికి వచ్చేసరికి ఆ చేపలు ఒడ్డున ఉండిపోయాయి.

మాసిలామణిగారి పాట ఈ విషయంలో ప్రశంసనీయం. లూకా కథకు కీలకమైన చేపలు ఆరు చరణాలలో ఒక్కటి కూడా లేవు! రెండవ చరణంలో చేపల స్థానంలో సిలువ లోతులలో దొరికే రత్నాలు వచ్చాయి. వేటగాడు మునిగి వెదికేవాడయ్యాడు. గనుల ప్రాంతంలో ఉన్నవారికి ఈ పోలిక బాగా అర్థమవుతుంది: పైపైన గీకితే రాయి వస్తుంది, ఖనిజంకోసం దిగాలి. లాభాన్ని లెక్కపెట్టే అవకాశం కవి ఎవరికీ ఇవ్వలేదు. దీనివలన ఒక నష్టం కూడా ఉన్నదని ఒప్పుకోవాలి. పొరుగు దోనెవారిని సైగచేసి పిలవడం (5:7) కూడా పాటనుండి జారిపోయింది. ఇందులో నావ ఒకటే, నావికుడు ఒంటరి. అలసినవానికి ప్రభువుతోపాటు పొరుగు దోనె కూడా కావాలని లూకాకు తెలుసు.

బలవంతపు నష్టానికి సాదృశ్యం కావాలంటే అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయానికి వెళ్లాలి. పౌలు ఎక్కిన ఓడవారు మొదట సరకులు పారవేశారు, మూడవ దినాన ఓడ సామగ్రి, తరువాత గోధుమలు, చివరకు లంగర్లు కోసి సముద్రంలో విడిచారు. ఆఖరికి ఓడ కూడా బద్దలైంది. ఇందులో ఏదీ ఇష్టపూర్వకమైన అర్పణ కాదు. తప్పించుకొనే ఆశ కూడా పోయిందని 20వ వచనం దాచకుండా చెప్పుచున్నది. అయినా 276 మందిలో ఒక్క ప్రాణం పోలేదు. కొందరు ఈదుకుంటూ, కొందరు పలకల మీద ఒడ్డు చేరారు. పోగొట్టుకున్నవారితో పౌలు, అంతా సంతోషంగా విడిచిపెట్టండి అని ప్రసంగించలేదు. రొట్టె పట్టుకొని కృతజ్ఞతలు చెల్లించి, విరిచి తిన్నాడు, వారినీ తినమన్నాడు. కోల్పోయినవారికి మొదట కావలసిన పరిచర్య ఇదే.

6. సముద్రంనుండి పాత్రకు

చివరి చరణంలో నీటి చిత్రణ మరొకసారి మారుతుంది. పాడేవాడు తన ప్రాణాన్ని పానార్పణంగా పోస్తానంటాడు. ఇది ఫిలిప్పీ 2:17లోను, 2 తిమోతి 4:6లోను పౌలు వాడిన పోలిక. దాని వెనుక సంఖ్యాకాండము 15వ అధ్యాయపు విధి ఉన్నది. అక్కడ పానార్పణం కొలతగల కొద్దిపాటి ద్రాక్షారసం. అది వేరొక బలితోపాటు పోయబడేదే గాని స్వయంగా ప్రధాన బలి కాదు.

నడిసముద్రంతో మొదలైన పాట ఒక పాత్రలోని ద్రవంతో ముగిసింది. సముద్రం మనిషికి లొంగదు, దాని ముందు అతడు నడిపించుమని అడగగలడు అంతే. పాత్ర అతని చేతిలో ఉన్నది, దానిని వంచగలడు. తన వశంలో లేనిదానితో మొదలుపెట్టి, తన వశంలో ఉన్న కొద్దిపాటిదానిని ఇష్టపూర్వకంగా పోసివేయడం దగ్గర పాట ఆగింది. కోల్పోవడంనుండి విడిచిపెట్టడానికి జరిగే ప్రయాణం అంటే మేము చెప్పదలచినది ఇదే. రెండవ చరణంలో ఏమీ లేదన్నవాడు ఆరవ చరణంలో ఇవ్వడానికి తనవద్ద ఏదో ఉన్నదని కనుగొన్నాడు.

ఈ ప్రయాణానికి సమయం పడుతుంది. పాటలో అది ఆరు చరణాలు, బ్రతుకులో అది ఏళ్లు పట్టవచ్చు. మొదటి చరణంలో ఉన్నవానిని ఆరవ చరణం పాడమని తొందరపెట్టడం ఆదరణ కాదు.

7. సంఘ పరిచర్యకు కొన్ని సూచనలు

పై పరిశీలననుబట్టి కాపరులకు, వేదాంత విద్యార్థులకు ఈ సూచనలు చేస్తున్నాము.

మొదటిది, జ్ఞాపకార్థ కూడికలలోను, విపత్తు తరువాత జరిగే ప్రార్థనలలోను ఈ కీర్తన పాడదలచినప్పుడు పల్లవి, ఒకటి, రెండు, ఐదు చరణాలు ఎంచుకోవడం మంచిది. మూడు, నాలుగు చరణాలను కాపరుల ఉపవాస కూడికలకు, వ్యక్తిగత ధ్యానానికి ఉంచుకుందాము. పాట ముందు 69వ కీర్తనగాని, యోనా 2వ అధ్యాయంగాని చదివిస్తే, పాటలో లేని మొర వాక్యంలో వినబడుతుంది.

రెండవది, దేవుని చిత్తమని విడిచిపెట్టు అనే మాట బాధితుని నోట రావాలిగాని కాపరి నోట ముందుగా రాకూడదు. ఏప్రిల్ 15నుండి జూన్ 14వరకు 61 దినాలు తూర్పుతీరంలో మర పడవల వేట నిలిపివేస్తారు. ఆ కాలంలో పడవ ఒడ్డున ఉన్నంత మాత్రాన ఎవరూ దానిని విడిచిపెట్టారనరు. వలలు బాగుచేసుకుంటూ కాలంకోసం కనిపెడతారు. దుఃఖంలో ఉన్నవారికి కూడా అటువంటి కాలం ఇయ్యాలి.

మూడవది, కాపరుల అలసటను గూర్చి. మన సంఘాలలో అలసిన కాపరికి ఆత్మీయత తగ్గిందని అనుమానించే అలవాటు ఉన్నది. కాపరి కూడా అలాగే తలంచి, ఇంకొక ఉపవాసం, ఇంకొక కూడిక అంటూ తన్ను తాను మరింత నలగగొట్టుకుంటాడు. అలసట ఒక్కొక్కసారి పాపఫలమే కావచ్చు. అనేకసార్లు అది కేవలం శ్రమ ఫలం. బావి దగ్గర కూర్చున్న ప్రభువు అలసట అటువంటిదే. కాబట్టి అలసిన కాపరి తన్ను తాను నిందించుకొనకముందు పొరుగు దోనెకు సైగ చేయడం నేర్చుకోవాలి. పక్క సంఘపు కాపరి ఆ సైగ చూచి రావాలి.

ముగింపు

‘నడిపించు నా నావ’ తెలుగు క్రైస్తవ కీర్తనలలో విశిష్టమైనది. వాడుకలో ఉన్న భవసాగర రూపకాన్ని తీసుకొని, తీరంవైపు కాక లోతువైపు దానిని త్రిప్పింది. లాభపు ఆశను కథలోనుండి తొలగించి సమర్పణను నిలిపింది. అలసటను అపరాధంతో ముడివేసిన చోట మాత్రం లూకా క్రమాన్ని దాటింది. ఆ చోట కీర్తనను సువార్తతో సరిచూచుకొని పాడడం మన పని.

సముద్రం చూడని చీపురుపల్లి విశ్వాసి ఈ పాటలో పాడుతున్నది బంగాళాఖాతాన్ని గూర్చి కాదు. తన వశం తప్పిన బ్రతుకును గూర్చి. ఆ పాటను అతడు ఏ చరణంలో ఉండి పాడుతున్నాడో తెలుసుకోవడం కాపరి మొదటి బాధ్యత. రాత్రంతా ఏమీ దొరకలేదని అతడు చెప్పుకొనడానికి చోటు ఇద్దాము. లోతునకు పిలిచే స్వరం ప్రభువుది. ఆయన దానిని పలికినది ఒడ్డునుండి కాదు, ఆ ఖాళీ దోనెలోనే కూర్చుండి.